గడ్డి కోసే బండికి హెడ్డు గాస్కెట్టు

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళి వచ్చినవారు మన పత్రికకు రాసే వ్యాసాల్లో నయాగరా జలపాతం, వాషింగ్టన్ తెల్లమేడ, పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి గుడి తప్పకుండా ఉంటాయి. 2023 వేసవిలో మూడు నెలలు అక్కడ ఉన్నాం గనుక ఆ మూడూ మేమూ చూశాం. వాటి గురించి నాకంటే బాగా రాసినవారున్నారు. నేను మాత్రం మా అబ్బాయి ఇంటి కారుషెడ్డులో నేలమీద కూర్చుని చేసిన ఒక పని గురించి రాస్తాను. గడ్డి కోసే బండి ఇంజనుకు హెడ్డు గాస్కెట్టు మార్చడం ఆ పని. “ఇదీ ఒక వ్యాసమేనా?” అని మా ఇంటావిడ నవ్వింది. మన కుటుంబాల్లో చాలామందికి పొలంలో ఆయిలింజనో, పవర్ టిల్లరో, ఇంట్లో చిన్న జనరేటరో ఉండనే ఉంది. అక్కడి పిల్లలకు ఈ బండి ఉంది. అన్నిటికీ వచ్చే జబ్బు ఒకటే గనుక ఎవరికో ఒకరికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నా సంగతి రెండు ముక్కల్లో. మాది హోసూరు ప్రాంతం. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం, సంతలో కన్నడం. ఈ మూడూ కలిసిన భాషలోనే 1981 నుంచి 2016 దాకా బాగలూరు రోడ్డులో ఒక చిన్న షెడ్డు నడిపాను. చుట్టుపక్కల పల్లెల ఆయిలింజన్లు, ట్రాక్టర్లు మా దగ్గరికి వచ్చేవి. మా అబ్బాయి చేతికి మసి అంటకూడదన్నది నా పట్టుదల. షెడ్డు గుమ్మం తొక్కనిచ్చేవాణ్ణి కాదు. వాడూ అలాగే చదువుకుని, కంప్యూటరు ఉద్యోగంలో చేరి, ఉత్తర కరొలినా రాష్ట్రంలో షార్లెట్ నగరానికి అరగంట దూరంలో ఇల్లు కొనుక్కున్నాడు. ఇంటి చుట్టూ ఎకరానికి కొంచెం తక్కువ నేల. గునపంతో పొడిచి చూశాను. ఎర్రమట్టి, అచ్చం మా బాగలూరు మట్టే. మనమైతే అందులో రాగులు చల్లుతాం. వాళ్ళు గడ్డి పెంచుతారు.

ఇంటి ముందు పచ్చిక పెంచడం వాళ్ళకు ఇంగ్లండు నుంచి వచ్చిన అలవాటు. గడ్డి కోసే యంత్రమూ అక్కడిదే. స్ట్రౌడ్ అనే ఊళ్ళో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన 1830లో దానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్నిబట్టల మిల్లులో బట్టమీది నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి ఆయనకు ఈ ఆలోచన తట్టిందని చెబుతారు. అమెరికాకు చేరాక అది పెరిగి పెద్దదై, మనిషి ఎక్కి కూర్చుని నడిపే బండి అయింది. 2005లో ఉపగ్రహ చిత్రాల సాయంతో చేసిన ఒక అధ్యయనం ఆ దేశంలోని పచ్చిక నేల సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లని అంచనా కట్టింది. అంటే ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంత నేల, అంతా గడ్డే! కోసినదాన్ని ఏ ఆవుకూ వెయ్యరు. తునకలు అక్కడే రాలి ఎరువైపోతాయి. నాకు ఇప్పటికీ మనసొప్పని విషయం అది.

అలాగని కోయకుండా ఊరుకునే వీలు లేదు. వాళ్ళ కాలనీ సంఘానికి నిబంధనలున్నాయి. గడ్డి పెరిగిపోతే ముందు ఉత్తరం వస్తుంది, గడువులోగా కోయకపోతే జరిమానా పడుతుంది. మేం వెళ్ళిన పదిహేను రోజులకే ఆ ఉత్తరం వచ్చింది. కారణం బండి మూలపడటమే.

చూడటానికి అది బొమ్మ ట్రాక్టరులా ఉంటుంది. ముందు ఇంజను, పొట్ట కింద 42 అంగుళాల వెడల్పు రేకు పళ్ళెం, దాని లోపల గిర్రున తిరిగే రెండు కత్తులు. ఇంజను పెట్రోలుది. ఒకే సిలిండరు, 500 సి.సి., పదిహేడున్నర హార్స్‌పవరు. మన ఆయిలింజనులో క్రాంకుషాఫ్టు అడ్డంగా పడుకుని ఉంటే ఇందులో నిటారుగా నిలబడి ఉంటుంది. అందువల్ల సిలిండరు పడుకోవలసి వచ్చింది. ఫ్లైవీలు నెత్తిమీద గొడుగులా తిరుగుతుంది. దాని రెక్కలు విసిరే గాలే ఇంజనును చల్లబరుస్తుంది. నీళ్ళు లేవు, రేడియేటరు లేదు. మొదటిరోజు రేకు ఎత్తి చూసి, ఎవరో ఇంజనును పక్కకు పడదోసి బిగించినట్టుందే అనుకున్నాను.

ఇక జబ్బు. స్టార్టు చేయగానే నీలం కలిసిన తెల్లపొగ. పక్కింటి పెద్దాయన తన తలుపులు మూసుకునేంత పొగ. రెండు కోతలకు అరలీటరు ఆయిలు తాగేస్తోంది. ఎయిర్ ఫిల్టరు తీసి పిండితే నూనె గారెను పిండినట్టు కారింది. బాగుచేసే దుకాణంవారు వచ్చి చూసి, రింగులు అరిగి ఉంటాయి, 480 డాలర్లవుతుంది, ఇంత పెట్టేకంటే కొత్తది కొనుక్కోండి అన్నారట. కొత్తది రెండు వేల డాలర్ల పైమాట. మా వాడు దాన్ని వీధి వారన పెట్టి ‘ఉచితం’ అని అట్ట తగిలించడానికి సిద్ధమయ్యాడు. ఆ దేశంలో అది మామూలే. బల్లలు, సోఫాలు, సైకిళ్ళు అలాగే పోతాయి.

“ఒక్క శనివారం ఆగరా,” అన్నాను.

“వద్దులే నాన్నా. ఇక్కడికి వచ్చి కూడా మీకు ఈ మసి ఎందుకు?” అన్నాడు. నా మాటే నాకు తిరిగి వచ్చింది!

గండి పడేది కట్ట సన్నగా ఉన్నచోటే

నీలిపొగ కనబడితే ఎవరైనా మొదట అనే మాట ‘రింగులు పోయాయి’. చాలాసార్లు నిజమే అవుతుంది. అయితే ఈ రకం ఇంజన్లలో గాస్కెట్టు పోయినా అచ్చం అలాంటి పొగే వస్తుంది. అది ఎందుకో తెలిస్తే మీ డబ్బు మిగులుతుంది గనుక కాస్త వివరంగా చెబుతాను.

సిలిండరును గిన్నె అనుకోండి, హెడ్డు దాని మూత. ఎంత నునుపుగా తీర్చినా లోహం మీద లోహం పెడితే ఎక్కడో సందు ఉంటుంది. దమ్ము పెట్టేటప్పుడు మూత అంచున పిండి మెత్తుతారు చూడండి, గాస్కెట్టు చేసే పని అదే. మన షెడ్డుల్లో పాకింగు అని కూడా అంటాం. ఈ ఇంజనులో వాల్వులు హెడ్డులో ఉంటాయి. వాటిని నెట్టే రెండు పుష్‌రాడ్లు సిలిండరు పక్కనే ఒక సొరంగంలోంచి వస్తాయి. ఆ సొరంగం రెండో కొస ఆయిలు ఉండే చాంబరులోకి తెరుచుకుని ఉంటుంది. సిలిండరు రంధ్రానికీ ఈ సొరంగానికీ మధ్య గాస్కెట్టుకు దొరికే చోటు చాలా సన్నం, వేలి వెడల్పు కూడా ఉండదు. చెరువు కట్ట సన్నగా ఉన్నచోటే గండి పడుతుంది గదా!

గండి పడితే ఏమవుతుంది? మంట మండిన ప్రతిసారీ కొంత వాయువు ఆ సందులోంచి సొరంగంలోకి, అక్కడినుంచి చాంబరులోకి దూసుకుపోతుంది. మామూలుగా చాంబరులో బయటికంటే కాస్త తక్కువ ఒత్తిడి ఉండాలి. బ్రీదరు అనే చిన్న మూత ఆ ఏర్పాటు చూస్తుంది. ఇప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, ఆయిలు తుంపరలై బ్రీదరు గొట్టం గుండా బయటపడుతుంది. ఆ గొట్టం వెళ్ళేది ఎయిర్ ఫిల్టరు వైపే. అక్కడినుంచి కార్బురేటరు, సిలిండరు, మంట, పొగ. రింగుల తప్పు ఏమీ లేకుండానే ఇంజను తన ఆయిలు తానే తాగుతుందన్నమాట.

నీళ్ళతో చల్లబడే ఇంజన్లలో గాస్కెట్టు పోతే గుర్తుపట్టడం తేలిక. ఆయిలు మజ్జిగ రంగుకు తిరుగుతుంది, లేదా నీళ్ళలో బుడగలు వస్తాయి. మా పల్లెల రైతులు అది చూసి, పేరు కూడా వాళ్ళే చెప్పి బండి ఎక్కించి తెచ్చేవారు. గాలితో చల్లబడే ఇంజనులో ఆ ఆనవాళ్ళు ఉండవు. అందుకే నేరం రింగుల మీదికి పోతుంది.

పాము

కంప్రెషన్ గేజి పెట్టి చూడమని పక్కింటాయన సలహా ఇచ్చాడు. అది ఇక్కడ నమ్మకం కాదు. సెల్ఫు తేలిగ్గా తిప్పగలగడానికి, స్టార్టయ్యేదాకా ఒక వాల్వును రవ్వంత ఎత్తిపెట్టే ఏర్పాటు ఈ ఇంజన్లలో ఉంటుంది. కనుక గేజి ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. దానికంటే మంచి పద్ధతి, పిస్టను పైకొసకు వచ్చి రెండు వాల్వులూ మూసుకున్నప్పుడు ప్లగ్గు రంధ్రంలోంచి గాలి ఎక్కించి, ఎక్కడ బుసకొడుతుందో వినడం. సైలెన్సరులో వినబడితే ఎగ్జాస్టు వాల్వు. కార్బురేటరులో వినబడితే ఇన్‌లెట్ వాల్వు. ఆయిలు కొలత పుల్ల గొట్టంలో వినబడితే రింగులో గాస్కెట్టో.

మా వాడి దగ్గర టైర్లకు గాలికొట్టే కంప్రెసరు ఉంది. ప్లగ్గు రంధ్రంలో బిగించే గొట్టం లేదు. అక్కడ కార్ల విడిభాగాలు అమ్మే దుకాణాల్లో ఒక మంచి పద్ధతి చూశాను. కొంత డబ్బు జమ చేయించుకుని పనిముట్లు ఎరువిస్తారు, తిరిగి ఇస్తే జమ మొత్తం వాపసు చేస్తారు. హోసూరులో నేను ఎరువిచ్చిన స్పానర్లలో సగం కూడా తిరిగి రాలేదు. జమ పద్ధతి నాకెందుకు తోచలేదో!

ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ తప్పించాం. కత్తుల క్లచ్చి వదిలి ఉంచాం. ఫ్లైవీలు నట్టుకు పొడవాటి రెంచి తగిలించి మా వాణ్ణి గట్టిగా పట్టుకోమన్నాను. గాలి ఎక్కగానే పిస్టను వెనక్కు నెట్టుకుని షాఫ్టు ఒక్క ఊపున తిరగవచ్చు, చెయ్యి దగ్గరుంటే ఎముక విరుగుతుంది. చేసేవారు ఇది మరవకూడదు.

మా మనవడికి అప్పుడు పదకొండేళ్ళు. వాడికి తెలుగు అర్థమవుతుంది. ఏం అడిగినా జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. వాళ్ళ నానమ్మ బతిమాలితే ఒక్క ముక్క అంటాడు, అదీ పాఠం అప్పజెప్పినట్టు. ఇలాంటి మనవలు మన చదువరుల ఇళ్ళలో అమెరికాలోనే కాదు, భువనేశ్వర్‌లోనూ పుణెలోనూ ఉన్నారు. నా చెవి ఈ మధ్య సరిగా వినబడదు. వాణ్ణి పిలిచి కొలతపుల్ల గొట్టం దగ్గర చెవి ఆనించమన్నాను. గాలి తిప్పాను. వాడు కళ్ళు పెద్దవి చేసి, “తాతా, లోపల పాము ఉంది!” అన్నాడు.

తనంతట తాను వాడు నాతో అన్న మొదటి పూర్తి తెలుగు వాక్యం అది. నేను ఏమీ అనలేదు. మెచ్చుకుంటే మళ్ళీ నోరు మూసుకుంటాడని నాకు తెలుసు. “సైలెన్సరులో ఉందా చూడు,” అన్నాను. “లేదు.” “కార్బురేటరులో?” “లేదు.” పాము చాంబరులోనే ఉంది. ఇక రింగులా, గాస్కెట్టా అన్నది హెడ్డు విప్పితేగాని తేలదు.

విప్పు, తియ్యి, ఊడబీకు

నెత్తిమీది రేకు తొడుగు తీశాం. తీయగానే సగం కథ తెలిసిపోయింది. సిలిండరు చుట్టూ ఉండే రెక్కల మధ్య ఎండుగడ్డి అట్టలు అట్టలుగా పేరుకుని ఉంది. ఒక మూల ఎలుక గూడు, దానిలో ఓక్ కాయల పెంకులు. గాలి పోవడానికి దారే లేదు. ఒక పక్క చల్లగా, ఒక పక్క కాలిపోతూ ఉంటే అల్యూమినియం హెడ్డు వంగకుండా ఎలా ఉంటుంది? వంగిన హెడ్డు కింద గాస్కెట్టు నిలవదు. పొగకు మూలం అక్కడ ఉంది.

తరువాత ఎయిర్ ఫిల్టరు, కార్బురేటరు, సైలెన్సరు వరసగా వచ్చాయి. గవర్నరు తీగలు, స్ప్రింగులు ఏ రంధ్రంలో ఉన్నాయో విప్పకముందే బొమ్మ గీసుకోవాలి. మేం బొమ్మతో బాటు ఫోనులో ఫోటోలూ తీశాం. ఒక రంధ్రం మారితే ఇంజను స్పీడు అదుపులో ఉండదు. రాకరు మూత తీసి, రాకర్లు వదులుచేసి, పుష్‌రాడ్లు బయటికి లాగి, అట్టముక్కకు రెండు రంధ్రాలు పొడిచి ఏది ఎక్కడిదో రాసి గుచ్చాం. తీసినవి తీసిన చోటికే వెళ్ళాలి.

పని ఇలా నడుస్తుండగా మనవడికి ఒక చిక్కు వచ్చింది. నేను ఒకసారి ‘విప్పు’ అంటాను, ఒకసారి ‘తియ్యి’, ఒకసారి ‘ఊడబీకు’, ఒకసారి ‘తప్పించు’. ఇంగ్లీషులో వాడికి అన్నిటికీ దాదాపు ఒకటే మాట. “ఏది ఏది తాతా?” అన్నాడు. నాకు అంతకుముందు ఆ ఆలోచనే రాలేదు. చెప్పాను: బోల్టు విప్పాలి, ఎందుకంటే అది తిరుగుతుంది. మూత తియ్యాలి, ఎందుకంటే అది పైన కూర్చుని ఉంటుంది. రబ్బరు గొట్టం ఊడబీకాలి, ఎందుకంటే అది పట్టుకుని ఉంటుంది. తీగ కొక్కెంనుంచి తప్పించాలి. ఆ సాయంత్రమంతా వాడు ఏ వస్తువు ముట్టుకున్నా ముందు మాట ఏదో నిర్ణయించుకుని తరువాత చెయ్యి వేశాడు. అన్నం దగ్గర వాళ్ళ అమ్మతో, “పచ్చడి మూత విప్పాలా, తియ్యాలా?” అని అడిగాడు. అది మరతిప్పుడు సీసా. విప్పాలన్నాను.

ఒక్క మాట దగ్గర మాత్రం నేనే ఓడిపోయాను. హెడ్డుకు తెలుగేమిటని అడిగితే, హెడ్డేరా అన్నాను. “తల కదా?” అని వాడు. రెండో రోజుకల్లా ఇంట్లో అందరూ ‘ఇంజను తల’ అనడం మొదలుపెట్టారు.

తల విప్పగానే దోషి దొరికాడు. సిలిండరుకూ పుష్‌రాడ్ల సొరంగానికీ మధ్య గాస్కెట్టు చిన్న వేలిగోరంత మేర కాలిపోయి, అక్కడినుంచి నల్లటి చార సొరంగంలోకి పాకి ఉంది. సిలిండరు గోడ మాత్రం మెరుస్తోంది. గోరుతో గీకి చూశాను, ఎక్కడా గాడి తగల్లేదు. పిస్టను మీద వేలు పెట్టి కదిపి చూశాను, ఆట లేదు. రింగుల మీది నేరం కొట్టేశాం.

ఇంజను మీద ముద్రించిన మోడలు, టైపు, కోడు అంకెలు మూడూ చెబితేగాని సరైన గాస్కెట్టు రాదు. అదే హార్స్‌పవరని ఇంకోటి తెప్పిస్తే రంధ్రాలు కుదరవు. మా వాడు అంకెలు చూసి తెప్పించాడు. ధర 18 డాలర్లు. వచ్చేలోగా శుభ్రం చేయడం మిగిలింది. నా లెక్కన గాస్కెట్టు పనిలో ముప్పాతిక వంతు ఇదే, బిగింపు పావు వంతే.

పాత గాస్కెట్టు తునకలను గీకడానికి ఉక్కు బ్లేడు వాడకూడదు. అల్యూమినియం మెత్తన, గీత పడితే అదే రేపటి దారి. ప్లాస్టిక్ గీకుడు, కొంచెం ద్రావకం, బోలెడు ఓపిక. సొరంగంలో గుడ్డ కుక్కి పెట్టాలి, చెత్త చాంబరులో పడకుండా. మన దేశంలో పాత ఆయిలింజన్లు విప్పేవారికి ఒక మాట. ఆ కాలపు గాస్కెట్లలో రాగిరేకు మధ్య ఆస్బెస్టాస్ ఉండేది. దాన్ని పొడిగా గీకినా, గాలితో ఊదినా ఆ నూగు ఊపిరితిత్తుల్లో చేరి ప్రాణం మీదికి తెస్తుంది. తడిపి, ముక్కుకు సరైన మాస్కు కట్టుకుని తీయాలి. అచ్చంగా రాగితో చేసిన గాస్కెట్టునైతే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి, మెత్తబరచి తిరిగి వేసేవాళ్ళం. ఇప్పటివి అలా పనికిరావు. ఒకసారి నొక్కుకుపోయాక తీసి పారెయ్యవలసిందే.

ఇక హెడ్డు సమంగా ఉందా అన్నది. ఉక్కు స్కేలు అంచు నిలువునా ఆనించి, కింద ఫిల్లర్ గేజి ఆకులు దూర్చి చూడాలి. అడ్డంగా, నిలువుగా, రెండు ఐమూలలుగా. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. మన దినపత్రిక కాగితం మందం దాదాపు మూడు థౌలుంటుంది. నాలుగు థౌల ఆకు దూరితే హోసూరులోనైతే లేతు షాపుకు పంపి ఫేసింగ్ చేయించేవాణ్ణి. ఇక్కడ రెండు థౌల ఆకు దూరింది, మూడు దూరలేదు. ఉప్పుకాగితంతో సరిచేయవచ్చు. కాగితం పరచడానికి బొత్తిగా వంపు లేని బల్ల కావాలి. ఇల్లంతా వెతికితే కోడలి టీపాయి మీది మందపాటి అద్దం ఒక్కటే నచ్చింది.

“మామయ్యగారూ, గీతలు పడవు కదా?” అంది పాపం.

“రుద్దేది కాగితం మీదమ్మా, అద్దానికి తెలియను కూడా తెలియదు,” అన్నాను. 400 నంబరు తడి కాగితం పరిచి, హెడ్డును ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా తిప్పుతూ అరగంట రుద్దాం. మనవడు అంకె వేస్తూ లెక్కపెట్టాడు, తెలుగులోనే. అరవై దాటాక చిక్కులో పడ్డాడు. డెబ్బై, ఎనభై, తొంభై వాళ్ళ నానమ్మ వంటింట్లోంచి అందించింది. అద్దం మీద ఒక్క గీత పడలేదు.

పదికిలోల బరువు

గాస్కెట్టు బుధవారం వచ్చింది. ఈ గాస్కెట్టుకు జిగురు, గ్రీజు ఏవీ పుయ్యకూడదు. పొడిగా, శుభ్రంగా పెట్టాలి. బోల్టులు చేత్తో తిరిగినంత మేర తిప్పి, ఎదురెదురుగా ఒక్కొక్కటి కొంచెం కొంచెం బిగిస్తూ మూడు విడతల్లో పూర్తి చేయాలి. ఒక పక్క పూర్తిగా బిగించి రెండో పక్కకు వెళితే హెడ్డు మళ్ళీ వంగుతుంది. ఈ ఇంజను పుస్తకంలో రాసిన చివరి బిగింపు 220 ఇంచిపౌండ్లు, అంటే సుమారు 25 న్యూటన్ మీటర్లు. తేలిగ్గా చెప్పాలంటే పావు మీటరు పొడవున్న స్పానరు చివర పది కిలోల బరువు వేలాడదీసినంత. మీ ఇంజనుకు ఈ అంకె వేరుగా ఉంటుంది, దాని పుస్తకం చూసుకోవాలి.

ముప్పై అయిదేళ్ళు నేను బోల్టులు మణికట్టు తూకంతోనే బిగించాను. చెడిపోయి తిరిగి వచ్చిన ఇంజను లేదు. అయినా టార్కు రెంచి అన్నది దొరికినప్పుడు దాన్ని నమ్మడమే మంచిది. నాకు డెబ్బై దాటాయి, మణికట్టుకూ దాటాయి. రెంచి మా వాడి చేతికి ఇచ్చాను. అంతవరకూ వాడు ఫోనులో పుస్తకం చదివి అంకెలు చెబుతూ నిలబడ్డాడు. నలభై మూడేళ్ళ వయసులో వాడు నా ఎదుట స్పానరు పట్టడం అదే మొదటిసారి. రెంచి ‘టిక్’ మనగానే ఆపాడు. “ఆపితే చాలా, ఇంకొంచెం తిప్పాలా?” అని అడిగాడు. “టిక్కన్నాక తిప్పినవాడు మెకానిక్కు కాడురా,” అన్నాను. మిగతా బోల్టులకు అడగలేదు. చేతులు నల్లబడ్డాయి. కడుక్కోవడానికి నేను కొంచెం పంచదార, సబ్బు కలిపి ఇచ్చాను. మా షెడ్డు పద్ధతి అది.

తరువాత టాపెట్లు. పిస్టను పైకొసకు వచ్చి, పావు అంగుళం కిందికి దిగినచోట ఆపి సందు కొలవాలి. సరిగ్గా పైకొసలో కొలిస్తే ఇందాక చెప్పిన వాల్వును ఎత్తే ఏర్పాటు అడ్డొచ్చి తప్పు చూపిస్తుంది. ఇన్‌లెట్‌కు మూడు నుంచి అయిదు థౌలు, ఎగ్జాస్టుకు అయిదు నుంచి ఏడు. సందు ఎక్కువైతే వాల్వు ఎత్తే ఏర్పాటు పనిచేయక, సెల్ఫు సగం చుట్టు తిరిగి ‘గుక్’ మని ఆగిపోతుంది. చాలామంది అది బ్యాటరీ తప్పనుకుని కొత్త బ్యాటరీ కొంటారు. పత్రిక చదివేవారిలో ఒక్కరికైనా ఆ ఖర్చు తప్పితే నాకు సంతోషం.

పాత ఆయిలు దించి కొత్తది పోశాం, లీటరున్నరకు కొంచెం తక్కువ. ఫిల్టరు మార్చాం. గురువారం సాయంత్రం బండిని బయటికి తోసి స్టార్టు చేశాం.

భగ్గుమని పొగ! మునుపటికంటే ఎక్కువ. మా వాడి ముఖం వాడిపోయింది. ఏమీ అనలేదు గాని తాళంచెవి మీద చెయ్యి వేశాడు. మనవడు నా వైపు చూశాడు. “ఉండండి,” అన్నాను. ఇన్నాళ్ళూ కక్కిన ఆయిలు సైలెన్సరు నిండా ఉంది. అది కాలిపోవద్దూ? అయినా ఆ పది నిమిషాలూ నా గుండె కూడా నిలకడగా లేదనే చెప్పాలి. అయిదు రోజుల పని, మణికట్టు పరువు అన్నీ ఆ గొట్టం చివరే ఉన్నాయి.

పొగతో తేలనప్పుడు ఇంకొక పరీక్ష ఉంది. ఇంజను మెల్లగా నడుస్తుండగా కొలతపుల్ల తీసి, గొట్టం మూతిమీద పలచని పాలితిన్ సంచి ముక్క పెట్టాలి. గాస్కెట్టు పోయిన ఇంజనైతే సంచిని ఎగరగొడుతుంది. బాగున్నదైతే లోపలికి పీల్చుకుంటుంది. మనవణ్ణి పెట్టమన్నాను. సంచి గొట్టానికి అతుక్కుని లోపలికి గుంటపడింది. “తాతా, తాగుతోంది!” అన్నాడు. పావుగంటకు పొగ తెలుపునుంచి పలచబడి, తరువాత కనబడకుండా పోయింది. పక్కింటి పెద్దాయన తలుపు తీసి బయటికి వచ్చి నిలబడ్డాడు.

చీకటి పడేలోగా ముందువైపు గడ్డి మొత్తం కోశారు. మొదట మా వాడు, తరువాత పది నిమిషాలు నేను. మనవణ్ణి ఎక్కనివ్వలేదు. వాడు ఏడ్చినా సరే, ఆ కత్తుల దగ్గర పిల్లలకు చోటు లేదు. నడుపుతున్న మనిషి సీటు మీదనుంచి లేస్తే ఇంజను ఆగిపోయే స్విచ్చి ఉంటుంది. కొందరు చిరాకుపడి దాన్ని తీగతో కట్టిపడేస్తారు. ఆ పని ఎన్నడూ చేయకూడదు. మొత్తం ఖర్చు గాస్కెట్టు, ఆయిలు, ఫిల్టరు, కాగితం కలిపి 60 డాలర్లు దాటలేదు.

గాస్కెట్టు మార్చినా రెక్కల్లో గడ్డి అలాగే పేరుకుంటే రెండేళ్ళలో మళ్ళీ అదే కథ. కాబట్టి ఏడాదికి ఒకసారి, చలికి ముందు, రేకు తొడుగు విప్పి లోపల శుభ్రం చేయాలని చెప్పి వచ్చాను. జనరేటరున్నవారికీ ఇదే మాట. దాని రెక్కల్లో మన దుమ్ము చేరుతుంది.

పోయిన అక్టోబరులో మనవడు ఫోను చేశాడు. ఆ ఏటి శుభ్రం వాడే చేశాడట, నాన్న పక్కన నిలబడ్డాడట. “తాతా, రేకు విప్పాను. కాదు, బోల్టులు విప్పాను, రేకు తీశాను,” అన్నాడు. లోపల గుప్పెడు ఎండుగడ్డి, నాలుగు ఓక్ కాయలు దొరికాయట. ఎలుక లేదట.